చేతికి గుర్తున్న పని: పెద్దవాళ్ల జ్ఞాపకశక్తికి ముగ్గు, పూలదండ, బొంత

పొద్దున తిన్న టిఫిన్ ఏమిటో చెప్పలేని పెద్దావిడ చేతికి మల్లెపూలు, దారం ఇస్తే మూరెడు దండ చకచకా కట్టేస్తుంది. చూసేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. పొద్దున జరిగిన సంగతిని దాచుకునే పని మెదడులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగానిది. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు మొదట దెబ్బతీసేది ఆ చుట్టుపక్కలనే. ఏళ్ల తరబడి చేసి చేతికి అలవాటైన పనిని మాత్రం మెదడు వేరే చోట పెట్టుకుంటుంది. బేసల్ గాంగ్లియా, సెరెబెల్లం అనే ఆ భాగాలకు జబ్బు ఆలస్యంగా చేరుతుంది. అందుకే మాట మరిచినా చేయి మరవదు.

దీన్నిబట్టి ఒక సూత్రం పెట్టుకోవచ్చు. మతిమరుపు జబ్బు మొదలైనవాళ్లకు చేతికి తెలిసిన పని ఇవ్వాలి. జబ్బు లేని పెద్దవాళ్లకు చేతికి తెలియని పని ఇవ్వాలి. చాలా ఇళ్లలో ఇది తారుమారవుతోంది. జబ్బున్న అత్తగారి ముందు ఎన్నడూ పట్టని కుంచె, రంగులు పెడితే ఆవిడ బెదిరిపోతుంది. చురుగ్గా ఉన్న తాతయ్యకు పిల్లల రంగుల పుస్తకం ఇస్తే ఆయన మెదడుకు అందులో పని దొరకదు.

ఒక మాట ముందే తెలిసి ఉండాలి. ముగ్గులూ బొమ్మలూ డిమెన్షియాను, అంటే మతిమరుపు జబ్బును, నయం చేయవు. ఇవి ఇచ్చేవి వేరు: ఆ పూట మనసు కుదుటపడటం, నాలుగు మాటలు బయటికి రావడం, నేను ఈ పని చేయగలను అనే ధైర్యం. జబ్బు లేనివాళ్లలోనైతే కష్టపడి నేర్చుకునే కొత్త పని జ్ఞాపకశక్తికి సాయపడుతుందని చూపిన పరిశోధనలున్నాయి. వాటి సంగతి బొంత దగ్గర చెబుతాం.

మొదట డాక్టరు, తరవాత ముగ్గు

తాళాలు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం, తెలిసినవాళ్ల పేరు కాసేపు ఆగి గుర్తు రావడం వయసుతో వచ్చేవే. అడిగిన ప్రశ్ననే పది నిమిషాల్లో నాలుగుసార్లు అడుగుతున్నా, రోజూ తిరిగే వీధిలో దారి తప్పుతున్నా, చేయి తిరిగిన వంటలో వరుస తప్పుతున్నా డాక్టరుకు చూపించాలి. బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, డిప్రెషన్ కూడా అచ్చం మతిమరుపు జబ్బులాగే కనిపిస్తాయి. వీటికి వైద్యం ఉంది. చెవులు సరిగా వినపడనివాళ్లు కూడా మరిచిపోయినట్టే కనిపిస్తారు, ఎందుకంటే ఆ మాట వాళ్ల చెవిన పడనే లేదు. రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి మనిషి గందరగోళంలో పడితే మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం పడిపోవడం లాంటి కారణం ఉండొచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎవరిని అడగాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వం పెద్దవాళ్ల కోసం నడిపే ఎల్డర్‌లైన్ 14567కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

వేళ, వెలుతురు, బల్ల

పనికి మంచి వేళ టిఫిను, మాత్రలు అయ్యాక పదీ పదకొండు గంటల మధ్య. డిమెన్షియా ఉన్న చాలామందికి పొద్దు వాలే వేళ ఆందోళన పెరుగుతుంది కాబట్టి సాయంత్రం కొత్త పని మొదలుపెట్టకండి. జబ్బున్నవాళ్లకు 20 నుంచి 30 నిమిషాలు చాలు. లేనివాళ్లు గంట కూర్చోవచ్చు.

నేల మీద కూర్చోబెట్టకండి. లేచేటప్పుడే పడతారు. చేతులున్న కుర్చీ వేసి, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా, మోచేయి బల్ల మీద హాయిగా ఆనేలా చూడండి. కుడిచేతి వాటం అయితే కిటికీ ఎడమవైపు ఉండాలి, లేకపోతే చేతి నీడ పని మీదే పడుతుంది. టీవీ కట్టేయండి. కళ్లజోడు తుడిచి ఇవ్వండి, చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందో లేదో చూడండి. ఈ రెండూ మరిచి, "ఆవిడకు ఇష్టం లేదు" అనుకునేవాళ్లే ఎక్కువ.

బల్ల మీద పూలపూల దుప్పటి పరవకండి. చూపు మసకబారినవాళ్లు ఆ బట్ట మీది పూలను నిజం పూలనుకుని ఏరబోతారు. ఒకే రంగు గుడ్డ పరవండి. వయసుతో కంటి కటకం పసుపు రంగుకు తిరుగుతుంది, దాంతో నీలం, ఆకుపచ్చ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ముదురు నీలం నలుపులా కనిపిస్తుంది. తెలుపు మీద లేత పసుపు అసలు తేలదు. ఎరుపు మీద తెలుపు, నలుపు మీద తెలుపు, తెలుపు మీద ముదురు ఎరుపు మంచి జోడీలు. ఆ పూటకు కావలసినవి మాత్రమే బల్ల మీద ఉంచండి. పన్నెండు రంగులు ఎదురుగా ఉంటే దేన్ని ముట్టుకోవాలో తేలక చేయి ఆగిపోతుంది. రెండు చాలు.

ముగ్గు పలక

తెలుగిళ్లలో ఇంతకు మించిన సాధనం లేదు. చిన్నప్పుడు చేతికి పట్టుబడిన పని, లెక్క ఉన్న పని, తప్పుపోతే చెరిపేయగల పని.

రెండడుగుల చదరం ప్లైవుడ్ ముక్క తీసుకుని ఎర్రమట్టి పూయండి. తెలంగాణలో జాజు అంటారు. మట్టి దొరకకపోతే మెరుపు లేని రెడ్ ఆక్సైడ్ రంగు వేయండి. మెరిసే రంగు వేస్తే వెలుతురు తిరిగి కంట్లో కొడుతుంది. అంచుల వెంట అరంగుళం చెక్క బద్ద కొడితే పిండి ఒలకదు.

బజారులో దొరికే ముగ్గు రాతిపొడి. దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, పైగా జబ్బు ముదిరినవాళ్లు చేతికందినది నోట్లో పెట్టుకుంటారు. బియ్యప్పిండి వాడండి. మరీ మెత్తని పిండి వేళ్లకు అంటుకుని ధారగా జారదు. 150 గ్రాముల పిండికి 50 గ్రాముల సన్న రవ్వ కలిపితే బాగా జారుతుంది. రంగు కావాలంటే అందులోనే ఒక చెంచా పసుపు కలపండి. రంగుల పొడులు, కుంకుమ వద్దు. చవక రకాల్లో ఏ రసాయనం కలిసిందో చెప్పలేం. చేయి వణికేవాళ్లకు పిండి బదులు నీళ్లలో ఒక్క క్షణం ముంచి తీసిన సుద్దముక్క ఇవ్వండి. తడి సుద్ద జారిపోదు, గీత చిక్కగా పడుతుంది.

మతిమరుపు జబ్బున్నవారితో అయితే ఏడు చుక్కల ముగ్గుతో మొదలుపెట్టండి: రెండు, మూడు, రెండు, సందు చుక్క (పక్క వరుస చుక్కల సందులోకి వచ్చేలా పెట్టేది). చుక్కకూ చుక్కకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం. నడిమి చుక్క నుంచి చుట్టూ ఉన్న ఆరింటికీ రేకులు తీస్తే ఆరు రేకుల పువ్వు వస్తుంది.

1. ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే మీ చేయి కదిలే తీరు వారికి తలకిందులుగా కనిపిస్తుంది.
2. చుక్కలు మీరే పెట్టండి, మాట్లాడకండి. చూస్తూ వినడం రెండు పనులు.
3. ఒక రేకు సగం గీసి ఆపి, పిండి గిన్నె వారివైపు జరపండి. సగంలో ఆగిన గీత చేతిని రమ్మంటుంది. "ముగ్గు వెయ్యండి అత్తయ్యా" అనే మాటకు కదలని చేయి దీనికి కదులుతుంది.
4. మనసులో ఇరవై లెక్కపెట్టేదాకా ఆగండి. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. వారికి పని అర్థం కావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.
5. అప్పటికీ కదలకపోతే ఇంకో రేకు సగం గీయండి. తరవాత మోచేతిని మెల్లగా తాకండి. చివరికి మీ చేయి కింద, వారి చేయి పైన ఉండేలా పట్టుకుని గీయండి. పైనుంచి పట్టుకుంటే బలవంతం చేస్తున్నట్టు అనిపించి చేయి వెనక్కి లాక్కుంటారు.

గీత చుక్క తప్పితే దిద్దకండి. రేకులు ఆరు బదులు ఐదు వచ్చినా సరే. ఒక్కసారి దిద్దితే ఆ పూట పని అయిపోయినట్టే. మీకు తెలియకుండానే పరీక్ష పెట్టారు, వారు తప్పారు. సంగతి మరిచిపోతారు కానీ చిన్నబోయిన మనసు గంటల తరబడి అలాగే ఉంటుంది.

పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరు ఎడమ సగాన్ని అసలు పట్టించుకోరు. ముగ్గు కుడివైపే వేసి అయిపోయిందంటారు. పలక ఎడమ అంచు వెంట వెడల్పాటి తెల్లని టేపు అంటించి, వేలితో దాన్ని ఒకసారి తాకించి మొదలుపెట్టండి. అక్కడి నుంచి చూపు కుడివైపుకు సాగుతుంది.

ముగ్గు అయ్యాకే కబుర్లు. "పండగ నెలలో ఏ ముగ్గులు వేసేవాళ్లో గుర్తుందా?" అని అడగకండి. "ఈ ముగ్గు చూస్తే గొబ్బెమ్మ పెట్టాలనిపిస్తోంది" అని మీరు ఒక మాట వదిలి ఊరుకోండి. వస్తే పేడ కోసం ఎవరి దొడ్డికి వెళ్లేవాళ్లో, కనుమ నాడు రథం ముగ్గు తాడు ఏ ఇంటి దాకా లాగేవాళ్లో అన్నీ వస్తాయి. రాకపోతే ఆ పూటకు ముగ్గు చాలు.

అదే పలక, జబ్బు లేనివాళ్లకు

ఇక్కడ తీరు పూర్తిగా మారుతుంది. ఫోన్‌లో చూసుకుంటూ పెద్ద ముగ్గు వేయడం వల్ల జ్ఞాపకశక్తికి వచ్చే లాభం తక్కువ. అది చూసి రాసుకోవడం. చూడకుండా తీయడమే కసరత్తు.

ఎదురు చుక్కతో (చుక్కకు ఎదురుగా చుక్క పెట్టేది) ఐదు నుంచి ఒకటికి, అంటే ఒకటి, మూడు, ఐదు, మూడు, ఒకటి, మొత్తం 13 చుక్కల కొత్త ముగ్గు ఎంచుకోండి. రెండు నిమిషాలు చూడండి. వరుసల లెక్క పైకి చెప్పుకోండి. పుస్తకం మూసి వేయండి. ఎక్కడ ఆగినా తొంగిచూడకండి. తోచినట్టు పూర్తి చేసి, అప్పుడు పుస్తకం తెరిచి తేడా ఉన్నచోట రంగు సుద్దతో గుర్తు పెట్టండి. అదే ముగ్గు ఆ సాయంత్రం, మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు చూడకుండా వేయండి. ఎడం పెరిగేకొద్దీ గుర్తు తెచ్చుకోవడం కష్టమవుతుంది. ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. బొమ్మ గీయడమూ గుర్తుకు సాయపడుతుంది. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక మాటను పదేపదే రాసినవాళ్ల కంటే దానికి బొమ్మ గీసినవాళ్లే ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారు. తరవాత పెద్ద వయసువాళ్లలోనూ అదే తేలింది. అందుకే బజారు సరుకుల చీటీకి కూడా బొమ్మలు గీయమనండి: వంకాయ, సబ్బు, అగ్గిపెట్టె. బాగా గీయాల్సిన పని లేదు, నాలుగు గీతలు చాలు.

13 చుక్కలు అలవాటయ్యాక సందు చుక్కతో ఏడు నుంచి నాలుగుకు వెళ్లండి. 37 చుక్కలు. అందులోనూ మెలిక ముగ్గు మంచిది. గీత చుక్కల చుట్టూ మెలికలు తిరిగి బయలుదేరిన చోటికే రావాలి. కలవలేదంటే ఎక్కడో ఒక మలుపు తప్పింది. వెనక్కి వెతుక్కుంటూ వెళ్లి అదెక్కడో పట్టుకోవడంలోనే మెదడుకు అసలు పని. కొన్ని మెలిక ముగ్గులు ఒకే గీత కావు, రెండు మూడు చుట్లుంటాయి. ఏది ఎన్ని చుట్లో ముందే చూసుకోండి, లేకపోతే లేని తప్పు కోసం వెతుకుతారు.

మగవాళ్ల సంగతి

ముగ్గు, దండ అంటే చాలామంది తాతయ్యలు లేచి వెళ్లిపోతారు. ఆయన చేతికి ఏం తెలుసో కనుక్కోండి. నేత పని చేసినాయనకు రాట్నం, కండెలు ఇవ్వండి. పల్లెలో పెరిగినాయనకు అడుగున్నర చదరం స్టూలు చట్రం, నులకతాడు ఇచ్చి అల్లమనండి. మొదటి నాలుగు వరుసలు మీరు వేసి ఉంచితే అల్లిక దారి చేతికి దొరుకుతుంది. గాలిపటం ఇంకా తేలిక: పల్చటి కాగితం, రెండు పుల్లలు, మైదా జిగురు. పుల్లలు ముందే సైజుకు కోసి పెట్టండి, కత్తి ఇవ్వకండి. గుమాస్తాగా, టీచరుగా చేసినవాళ్లకు గీతల కాగితం, మంచి కలం ఇచ్చి పెళ్లి శుభలేఖ తమ దస్తూరీలో రాయమంటే ఎంత శ్రద్ధగా రాస్తారో చూడండి.

పూలు

మల్లెలు 100 గ్రాములు, అరటి నార గానీ ఆకుపచ్చ దారం గానీ. తెల్ల పువ్వుకు తెల్ల దారం ఇస్తే ఆ దారం కంటికి ఆనదు. నార ఒక పావుగంట నీళ్లలో నాననివ్వండి, ఎండు నార తెగిపోతుంది. పూలు ముదురు రంగు పళ్లెంలో పోయండి. సూదితో గుచ్చే దండ వద్దు, వేళ్లతో కట్టేదే కావాలి: రెండు పూలు ఇటు, రెండు పూలు అటు పెట్టి చుట్టు తిప్పి లాగడం. కట్టే మనిషి పక్కన కూర్చుని జతలు అందిస్తూ ఉండండి. పువ్వు కోసం వెతుక్కోవాల్సి వస్తే లయ తెగిపోయి, ఏం చేస్తున్నారో మరిచిపోతారు. కట్టలేనివాళ్లు తొడిమలు గిల్లడం, మొగ్గలూ విచ్చినవీ వేరు చేయడం చేస్తారు.

మల్లెల వాసన పాత రోజులు గుర్తుకు తెస్తుందని ఆశపడతాం. అల్జీమర్స్‌లో వాసన పసిగట్టే శక్తి తొలి దశలోనే తగ్గుతుంది. "వాసనేమీ లేదే" అంటే వాదించకండి. పువ్వు స్పర్శ, దాని చల్లదనం ఇంకా పనిచేస్తుంటాయి. గన్నేరు, ఉమ్మెత్త మాత్రం బల్ల దగ్గరికే రానివ్వకండి, రెండూ విషం.

తెలంగాణ ఇళ్లలో బతుకమ్మకు సాటి వచ్చే పని లేదు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు రోజూ అదే పని, అదే పాట, అదే పళ్లెం. మళ్లీ మళ్లీ చేయడం వల్ల కలిగే ధీమా వాళ్లకు ఎంతో అవసరం. పెద్దది పెట్టించకండి. ఎనిమిది అంగుళాల పళ్లెంలో గుమ్మడాకు పరచి, పైన మూడు వరుసలు చాలు: తంగేడు, రంగు అద్దిన గునుగు, బంతి. నడిమి గుల్లలో ఆకులు కూరి గట్టిగా చేయకపోతే రెండో వరుసకే పూలు లోపలికి జారి అంతా ఒరిగిపోతుంది. గునుగు కోసి రంగులో ముంచే పని ముందురోజే మీరు చేసి ఉంచండి. తడి రంగు చేతులకు, అక్కణ్నుంచి కళ్లకు అంటుతుంది. వరుస పేర్చేటప్పుడు మీరు పాట ఎత్తుకుని "ఉయ్యాలో" దగ్గర ఆగండి. రోజంతా నోరు విప్పని మనిషి కూడా ఆ ఒక్క మాట అందుకోవడం మామూలే. పాట, లయ ఉన్న మాటలు విడి మాటల కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి.

పూలు లేని రోజుల్లో వత్తులు. పిడికెడు దూది, కాస్త విభూతి. వేలికి విభూతి అద్దుకుంటే దూది జారకుండా మెలి తిరుగుతుంది. కార్తీకానికి కావలసినవన్నీ ఆవిడే చేశారని దీపం పెట్టేటప్పుడు అందరి ముందూ చెప్పండి.

బొంత: కొత్తగా నేర్చుకునేవాళ్లకు

అమెరికాలోని టెక్సస్‌లో డెనిస్ పార్క్ బృందం 60 నుంచి 90 ఏళ్లవాళ్లతో చేసిన సినాప్స్ ప్రాజెక్టు ఫలితాలు 2014లో వచ్చాయి. కొందరికి డిజిటల్ ఫొటోగ్రఫీ, కొందరికి గుడ్డముక్కలతో క్విల్ట్ కుట్టడం, కొందరికి రెండూ నేర్పారు. మూడు నెలలు, వారానికి సుమారు 15 గంటలు. మొత్తం మీద వీళ్లకు జరిగిన సంగతులు గుర్తుపెట్టుకునే శక్తి మెరుగుపడింది, ఫొటోగ్రఫీ నేర్చినవాళ్లలో ఎక్కువగా. కబుర్లతో, తెలిసిన వినోదాలతో గడిపిన గుంపులో అంత మార్పు రాలేదు. వారానికి 15 గంటలంటే రోజుకు రెండు గంటల పైమాటే. ఆదివారం అరగంటతో ఆ ఫలితం ఆశించలేం.

క్విల్ట్‌కు దగ్గరి చుట్టం మన బొంత. పద్ధెనిమిది అంగుళాల దిండు గలీబు ముఖంతో మొదలుపెట్టవచ్చు. ఏడంగుళాల చదరాలు తొమ్మిది కత్తిరించండి. చుట్టూ అరంగుళం కుట్టులోకి పోతే ఒక్కోటి ఆరంగుళాలు మిగులుతుంది, మూడేసి మూడు వరుసలు. అట్టతో అచ్చు చేసుకుని దాని చుట్టూ గీసి కత్తిరించాలి. కంటి అంచనాతో కోస్తే మూలలు కలవవు, రెండో వరుసకు పావంగుళం తేడా వస్తుంది. నూలు ముక్కలతో పట్టు, నైలాన్ ముక్కలు కలపకండి, ఒకటి సాగి ఒకటి ముడుచుకుంటుంది. ముక్కల వరుస ముందు కాగితం మీద గీసుకుని, ఆ కాగితం పక్కన పెట్టి జ్ఞాపకం మీద పేర్చి, తరవాత సరిచూసుకోవాలి. తొమ్మిది ముక్కలు వచ్చాక పదహారు. తేలికైపోయిందంటే మార్చాల్సిన రోజు వచ్చిందన్నమాట. ముప్పై ఏళ్లుగా కుట్టుపని చేస్తున్న మనిషికి బొంత కొత్త పని కాదు. ఆవిడకు ఫొటోలు తీయడమో, కాళహస్తి కలంకారీ తీరులో కలంతో బట్ట మీద గీయడమో కొత్త.

ఒక జాగ్రత్త. మతిమరుపు జబ్బున్నవారి ఎదుట వారి పాత చీరలను కత్తిరించకండి. తమ పెట్టెలోని చీర ఎవరో చింపేస్తున్నారనే దిగులు పట్టుకుంటుంది.

జ్ఞాపకాల పుస్తకం

పన్నెండు పేజీలు, పేజీకి ఒకే ఫొటో. అసలు ఫొటో అతికించకండి, కాపీ తీయించి మెరుపు లేని కాగితం మీద పెద్దదిగా ప్రింట్ చేయించండి. పదేళ్ల నుంచి ముప్పయ్యేళ్ల వయసు మధ్య జరిగినవి మనుషులకు ఎక్కువగా గుర్తుంటాయి కాబట్టి ఆ కాలపు ఫొటోలు వెతకండి. కిందటేడు దిగిన ఫొటోలో తమనే తాము పోల్చుకోలేకపోవచ్చు. కింద సెంటీమీటరు ఎత్తు నల్ల అక్షరాల్లో, వారే చెబుతున్నట్టు రాయండి: "నేను, మా పెద్దన్నయ్య. మా ఊరి చెరువు గట్టు." పేరు కనిపిస్తుంటే ఎవరూ పరీక్ష పెట్టరు.

పేజీ అంచు అలంకరణ వారి పని. కాస్త ముదిరిన బెండకాయను తొడిమ వైపు రెండంగుళాలకు కోస్తే ఐదు రేకుల పువ్వు అచ్చు వస్తుంది. కోసిన ముఖాన్ని తుడిచి అరగంట ఆరనివ్వండి, లేకపోతే జిగురుకు రంగు జారి ముద్ద అవుతుంది. పోస్టర్ రంగు నేరుగా ముంచకుండా తడి స్పాంజి మీద వేసి అద్దించండి. మొదటి ముద్ర ఎప్పుడూ మందంగా పడుతుంది, అది చిత్తు కాగితం మీద వేయించండి.

చనిపోయినవారి ఫొటో వచ్చి "నాన్నగారేరి?" అని అడిగితే ప్రతిసారీ మరణవార్త చెప్పకండి. ఆ వార్త వారికి ప్రతిసారీ కొత్తదే, ఏడుపూ కొత్తదే. "నాన్నగారు ఎలా ఉండేవారో చెప్పండి" అంటే ఆయన కబుర్లలోకి వెళ్తారు.

గుర్తు తెచ్చుకోవడమే భారమైన దశలో కల్పనకు మళ్లండి. అమెరికాలో ఆన్ బాస్టింగ్ 1998లో మొదలుపెట్టిన టైమ్‌స్లిప్స్ పద్ధతి ఇదే. ఇంటివాళ్లది కాని ఒక బొమ్మ, గొడుగు పట్టుకుని పడవెక్కుతున్న మనిషి లాంటిది, ముందుంచి "ఈయన ఎక్కడికి పోతున్నట్టు?" అని అడగండి. ఏది చెప్పినా చెప్పిన మాటల్లోనే రాయండి, నాలుగు మాటలకోసారి చదివి వినిపించండి. తప్పు జవాబంటూ లేదు కాబట్టి భయమూ ఉండదు.

మాట తీరు, సర్దుబాట్లు

"నాకు రాదు" అనేది ఓడిపోతామనే భయంతో వచ్చే మాట. "వస్తుంది, చెయ్యండి" అని నచ్చజెబితే భయం పెరుగుతుంది. "నాకు చుక్కలు వంకర పోతున్నాయి, కాస్త చూడండి పిన్నీ" అంటే సాయం అడిగినట్టవుతుంది. చప్పట్లు కొట్టి చిన్నపిల్లలను మెచ్చుకున్నట్టు మెచ్చుకోకండి. "ఈ మూల మెలిక బాగా కలిసింది" లాంటి మాట చాలు. సగంలో లేచి వెళ్తే వెళ్లనివ్వండి, పలక అలాగే ఉంచండి, అటుగా వచ్చినప్పుడు మళ్లీ కూర్చోవచ్చు. ఉన్నట్టుండి నిద్రమత్తుగా ఉంటే ఆ వారం మందులేమైనా మారాయేమో చూడండి. పిల్లల దగ్గర విదేశాల్లో ఉంటున్నవారైతే ఈ సమయమంతా తెలుగులోనే గడవాలి. ఆలస్యంగా నేర్చిన ఇంగ్లీషు ముందు జారిపోవడం తరచూ చూసేదే.

ఒక నోట్‌బుక్ పెట్టి రోజుకు మూడు ముక్కలు రాయండి: ఏ పని, ఎన్ని నిమిషాలు, మొహం ఎలా ఉంది. నెల తిరిగేసరికి ఏ వేళ, ఏ పని నప్పుతుందో అందులోనే కనిపిస్తుంది. డాక్టరుకూ అది పనికొస్తుంది.

ఆ పుస్తకంలో నిమిషాలు తగ్గుతూ వస్తుంటే పనిని ఒక మెట్టు దించండి, ఆపేయకండి. రేకు గీయలేకపోతే చుక్కలు పెట్టించండి. చుక్క పెట్టలేకపోతే మీరు గీసిన రేకులో పసుపు చల్లమనండి. అదీ కానప్పుడు పిండి గిన్నె వారి ఒళ్లో పెట్టి, ముగ్గు మీరు వేస్తూ చిటికెడు చిటికెడు వారి చేతి నుంచి తీసుకోండి.